ప్రాసెసర్ డబ్బాలో కూలర్ ఉందా? కొనేముందు వేసుకోవలసిన లెక్క

ఇంజనీరింగులోనో, యానిమేషన్ కోర్సులోనో చేరిన మన విద్యార్థులు డెస్క్‌టాప్ కంప్యూటర్ అసెంబుల్ చేయించుకోవాలంటే బెంగళూరు ఎస్.పి. రోడ్డుకో, చెన్నై రిచీ స్ట్రీటుకో, ముంబయి లామింగ్టన్ రోడ్డుకో వెళ్తుంటారు. విడిభాగాలకు ఒక్కొక్కటిగా ధర కట్టించి చీటీ రాయించుకుంటారు. ఆ చీటీలోని పెద్ద అంకెల్లో ప్రాసెసర్ ధర ఒకటి. అయితే అదే ప్రాసెసరుకు రెండు దుకాణాల్లో రెండు ధరలు చెబుతారు. ఒకరు 'బాక్స్ పీసు' అంటారు, మరొకరు 'ట్రే పీసు' అంటారు. ఒకదానితో కూలర్ వస్తుందంటారు, ఇంకొకదానితో రాదంటారు. ఉపకార వేతనం సొమ్ముతోనో, తల్లిదండ్రులు అప్పు చేసి తెచ్చిన సొమ్ముతోనో కొనే విద్యార్థికి ఈ తేడా తెలిసి ఉండాలి. ఈ పాఠం అందుకోసమే.

1. బాక్స్ పీసు, ట్రే పీసు

ప్రాసెసర్లు తయారుచేసే ఇంటెల్, ఎ.ఎం.డి. కంపెనీలు తమ చిప్‌లను రెండు విధాలుగా అమ్ముతాయి. పెద్ద కంప్యూటర్ కంపెనీలకు గుడ్ల ట్రేల వంటి పళ్ళాల్లో పేర్చి టోకుగా ఇస్తాయి. ఇవి ట్రే పీసులు. మనవంటి కొనుగోలుదారుల కోసం ఒక్కొక్క చిప్‌ను సీలు వేసిన అట్టపెట్టెలో పెట్టి ఇస్తాయి. ఇవి బాక్స్ పీసులు. చిప్‌లో తేడా లేదు. తేడా అంతా బాధ్యతలో ఉంది. బాక్స్ పీసుకు కంపెనీయే నేరుగా సాధారణంగా 3 సంవత్సరాల వారంటీ ఇస్తుంది. పెట్టెలో కూలర్ ఉంటే దానికీ ఆ వారంటీ వర్తిస్తుంది. ట్రే పీసు చెడిపోతే కంపెనీ మనల్ని అమ్మినవారి దగ్గరికే పొమ్మంటుంది. ఆ దుకాణం అప్పటికి ఉంటే, బిల్లు మన దగ్గర ఉంటే, వారు ఒప్పుకుంటేనే మనకు దిక్కు.

2. వేడి ఎలా బయటికి పోతుంది?

ప్రాసెసర్ తాను తీసుకున్న విద్యుత్తునంతా చివరకు వేడిగా మారుస్తుంది. 125 వాట్లు తీసుకుంటే 125 వాట్ల వేడి వస్తుంది. అది గోటి పరిమాణంలోని సిలికాన్ ముక్క నుంచి బయటికి రావాలి. ముందు పైనున్న లోహపు మూతకు, అక్కడి నుంచి థర్మల్ పేస్ట్ ద్వారా కూలర్ అడుగుకు, తరువాత అల్యూమినియం రెక్కలకు, చివరకు ఫ్యాన్ తోసే గాలికి చేరుతుంది. రాగి వేడిని అల్యూమినియం కన్నా బాగా పంపుతుంది. కదలని గాలి చాలా తక్కువగా పంపుతుంది. మూతకూ కూలరుకూ మధ్య వెంట్రుకవాసి సందులో గాలి ఉన్నా వేడికి అడ్డు పడుతుంది. ఆ సందు నింపడానికే పేస్ట్.

డబ్బాతో వచ్చే కూలర్లలో చిన్నవి అల్యూమినియం దిమ్మె, దానిమీద ఒక ఫ్యాన్ మాత్రమే. వీటిలో కొన్నింటికి మధ్యలో రాగి ముక్క ఉంటుంది. ఎ.ఎం.డి. వారి రెయిత్ ప్రిజం వంటి పెద్దవాటిలో హీట్ పైపులు ఉంటాయి. హీట్ పైపు అంటే మూసివేసిన రాగి గొట్టం. అందులో ఉన్న కొద్దిపాటి ద్రవం వేడిచోట ఆవిరై, చల్లనిచోట మళ్ళీ ద్రవమై తిరుగుతూ వేడిని మోసుకుపోతుంది.

3. ఒక చిన్న లెక్క

కూలర్ శక్తిని వాటుకు ఇన్ని డిగ్రీలు అని కొలుస్తారు. చిప్ నుంచి గాలి వరకు మొత్తం దారికి ఈ అంకె 0.5 అనుకుందాం. అంటే ఒక్కొక్క వాటుకు చిప్ తన చుట్టూ ఉన్న గాలికన్నా అర డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. అంకె ఎంత చిన్నదైతే కూలర్ అంత మంచిది. సూత్రం ఇది:

చిప్ వేడి = క్యాబినెట్ లోపలి గాలి వేడి + (వాట్లు × కూలర్ అంకె)

బళ్ళారిలో మే నెల మధ్యాహ్నం, గదిలో 38 డిగ్రీలు అనుకోండి. క్యాబినెట్ లోపల మరో 5 కలిపితే 43.

చిన్న కూలర్ (0.5), 65 వాట్ల చిప్: 43 + 32.5 = 75.5 డిగ్రీలు. ఫరవాలేదు.
అదే కూలర్, 125 వాట్ల చిప్: 43 + 62.5 = 105.5 డిగ్రీలు. హద్దు దాటింది.
పెద్ద కూలర్ (0.25), 125 వాట్లు: 43 + 31.25 = 74.25 డిగ్రీలు. ఫరవాలేదు.
పెద్ద కూలర్, 253 వాట్లు: 43 + 63.25 = 106.25 డిగ్రీలు. మళ్ళీ దాటింది.

చివరి పంక్తినే 23 డిగ్రీల ఏసీ గదిలో వేయండి. లోపలి గాలి 28, మొత్తం 91.25. హద్దులోనే ఉంది! చల్లని గదుల్లో పరీక్షించి 'ఈ కూలర్ చాలు' అని చెప్పిన మాట మన ఎండలకు సరిపోకపోవచ్చునని దీనివల్ల తెలుస్తుంది.

హద్దు అంటే ఎంత? ఇంటెల్ కోర్ ఐ9-14900కె కు 100 డిగ్రీలు, ఎ.ఎం.డి. రైజెన్ 9 7950ఎక్స్ కు 95 డిగ్రీలు. హద్దు తాకగానే చిప్ కాలిపోదు. తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది కనుక కొన్నవారికి తెలియదు. అసలు నష్టం ఇదే. ఖరీదైన చిప్ కొని దానికన్నా తక్కువ చిప్ ఇచ్చే వేగంతో సరిపెట్టుకున్నట్లవుతుంది.

4. డబ్బా మీది వాట్లను ఎలా చదవాలి?

ప్రాసెసర్ వివరాల్లో టి.డి.పి. అని ఉంటుంది. ఇది మనకు తెలిసిన రాజకీయ పార్టీ కాదు! కూలర్ ఎన్ని వాట్ల వేడిని మోయగలగాలో చెప్పే అంకె. కానీ ఇది గరిష్ఠం కాదు. కోర్ ఐ9-14900కె మూల అంకె 125 వాట్లు, గరిష్ఠం 253 వాట్లు. ఎ.ఎం.డి. వారి ఎ.ఎం.5 సాకెట్ చిప్‌లలో 65 వాట్లు అని రాసినది సాధారణంగా 88 వాట్ల దాకా, 170 వాట్లు అని రాసినది 230 దాకా తీసుకోగలదు. లెక్క వేసేటప్పుడు గరిష్ఠ అంకెనే తీసుకోవాలి.

5. పై శ్రేణి డబ్బాల నుంచి కూలర్ ఎలా పోయింది?

2010 మార్చిలో ఇంటెల్ విడుదల చేసిన ఆరు కోర్ల కోర్ ఐ7-980ఎక్స్ 130 వాట్ల చిప్. దాని డబ్బాలో హీట్ పైపులతో, నిలువెత్తు రెక్కలతో మంచి కూలర్ పెట్టి ఇచ్చారు. మరుసటి ఏడాది, 2011 నవంబరులో వచ్చిన కోర్ ఐ7-3960ఎక్స్ కూడా 130 వాట్లదే. కానీ దాని డబ్బాలో కూలర్ లేదు. విడిగా కొనుక్కోవలసి వచ్చింది. 2015 ఆగస్టులో వచ్చిన కోర్ ఐ7-6700కె, ఐ5-6600కె లతో ఈ పద్ధతి మధ్య శ్రేణి దాకా దిగింది. అదే తరంలో 65 వాట్ల ఐ7-6700 కు మాత్రం కూలర్ ఇచ్చారు. వేగం పెంచుకోవడానికి వీలున్న 'కె' రకాన్ని కొనేవారు ఎలాగూ తమకు నచ్చిన పెద్ద కూలర్ కొంటారు, డబ్బాలోది మూలన పడుతుంది అన్నది దీని వెనుక ఉన్న లెక్క.

ఎ.ఎం.డి. దారి కొంత వేరు. 2019 జూలైలో వచ్చిన రైజెన్ 9 3900ఎక్స్ తో రెయిత్ ప్రిజం కూలర్ ఇచ్చింది. అదే ఏడాది నవంబరులో వచ్చిన 3950ఎక్స్ తో ఇవ్వలేదు. రెండింటి టి.డి.పి. 105 వాట్లే. రెండవదానికి 280 మి.మీ. రేడియేటరుగల నీటి కూలర్ వాడమని సూచించింది. 2022 సెప్టెంబరులో వచ్చిన 7950ఎక్స్ కు కూలర్ లేదు. 2023 జనవరిలో వచ్చిన 65 వాట్ల రైజెన్ 9 7900 కు ఉంది.

దీనినిబట్టి, చిప్ ఎంత ఖరీదైతే డబ్బాలో అన్ని వస్తువులు ఉంటాయనుకోవడం పొరపాటు. పై శ్రేణిలో సాధారణంగా దీనికి వ్యతిరేకమే.

6. డబ్బా అందం

కూలర్ పోయాక ఆ చోటులో అలంకారం వచ్చింది. 2017 ఆగస్టులో ఎ.ఎం.డి. థ్రెడ్‌రిప్పర్ 1950ఎక్స్ పెద్ద పెట్టెలో వచ్చింది. 180 వాట్ల ఈ చిప్‌తో కూలర్ లేదు గాని, సాకెట్ మరలు సరైన బలంతోనే బిగించేలా ఒక ప్రత్యేక స్క్రూడ్రైవర్, కొన్ని నీటి కూలర్లను అమర్చే చట్రం ఉన్నాయి. ఇవి పనికివచ్చే వస్తువులే. 2018 అక్టోబరులో ఇంటెల్ కోర్ ఐ9-9900కె పన్నెండు ముఖాల నీలిరంగు ప్లాస్టిక్ పెట్టెలో వచ్చింది. చూడడానికి బాగుంది, కానీ లోపల ఉన్నది అరచేతిలో ఇమిడే చిప్ మాత్రమే. 2020లో దాని బదులు చిన్న అట్టపెట్టె తెచ్చారు. ఒకే చోటులో ఎక్కువ పెట్టెలు పడతాయి కనుక రవాణా సులువు. పెట్టె అందానికి చిప్ వేగానికి సంబంధం లేదు.

7. డబ్బా విలువ ఎప్పుడు తెలుస్తుంది?

2024లో ఇంటెల్ 13వ, 14వ తరం పై శ్రేణి డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని కాలక్రమేణా అస్థిరంగా మారి కంప్యూటర్లు ఆగిపోతున్నట్లు బయటపడింది. అవసరానికి మించిన వోల్టేజి చిప్‌ను దెబ్బతీస్తోందని కంపెనీ చెప్పింది. ఆగస్టు నుంచి సవరణలు విడుదల చేసింది. బాక్స్ పీసులకు వారంటీని మరో 2 సంవత్సరాలు పెంచింది. బాక్స్ పీసు కొన్నవారిని నేరుగా తన దగ్గరికే రమ్మంది. ట్రే పీసు కొన్నవారిని మాత్రం అమ్మినవారిని కలవమంది. చిప్ ఒకటే, జబ్బు ఒకటే, కానీ తలుపు తట్టవలసిన ఇల్లు వేరు. ట్రే పీసు మీద మిగిలిన కొద్ది సొమ్ము ఈ తేడాకు సరిపోతుందా అని ఆలోచించుకోవాలి.

డబ్బా ఉన్నా సరిపోదు, అది అసలుది కావాలి. 2010 మార్చిలో అమెరికాలో ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణం నుంచి కోర్ ఐ7-920 కొన్న కొందరికి నకిలీ డబ్బాలు చేరాయి. లోపల చిప్ బదులు ఉత్త ముక్క, ఫ్యాన్ బదులు పోతపోసిన బొమ్మ ఉన్నాయి. డబ్బా మీది అక్షరాల్లో తప్పులు కూడా ఉన్నాయి. శ్రద్ధగా చదివినవారికి అక్కడే తెలిసిపోయేది.

8. దుకాణంలో చూడవలసినవి

అ) సీలు చెక్కుచెదరకుండా ఉందా? డబ్బా కిటికీలోంచి చిప్ మీద కనిపించే నంబరు, లేబుల్ మీది నంబరుతో కలుస్తోందా?
ఆ) బిల్లులో చిప్ పూర్తి పేరు, 'బాక్స్' అనే మాట, సీరియల్ నంబరు రాయించుకోండి.
ఇ) కూలర్ లేని చిప్ అయితే కూలర్ ధర కలిపిన తరువాతే మరొక చిప్‌తో పోల్చండి.
ఈ) విడి కూలర్ మీ సాకెట్‌కు సరిపోతుందా? ఉదాహరణకు ఇంటెల్ ఎల్.జి.ఎ. 1200 బోర్డుల మీద రంధ్రాల ఎడం 75 మి.మీ., 1700 బోర్డుల మీద 78 మి.మీ. పాత కూలరును తగిన బిగింపులు లేకుండా కొత్త బోర్డుకు పెట్టలేము. కూలర్ ఎత్తు క్యాబినెట్‌లో పడుతుందో లేదో కూడా కొలవండి.
ఉ) డబ్బా కూలర్ అడుగున చాలావరకు పేస్ట్ ముందే పూసి ఉంటుంది. దానిమీద మళ్ళీ పూయకండి. విడి కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే తీసివేసిన తరువాతే బిగించాలి.
ఊ) డబ్బా, బిల్లు వారంటీ ముగిసేదాకా దాచండి. పాత కాగితాలవానికి వేయకండి.

చివరిగా ఒక మాట. ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి, అకౌంట్స్ ప్యాకేజీలకు, ప్రాజెక్టు రిపోర్టులకు పై శ్రేణి చిప్ అవసరం లేదు. కూలరుతో వచ్చే 65 వాట్ల మధ్య శ్రేణి చిప్ చాలు. మిగిలిన సొమ్ముతో మెమరీ పెంచుకోవచ్చు, యు.పి.ఎస్. కొనుక్కోవచ్చు. వీడియో, త్రీడీ పనులకు పై శ్రేణి నిజంగా కావాలనుకుంటే మంచి కూలరుకు కూడా సొమ్ము తీసిపెట్టుకొనే కొనండి.

అభ్యాసం

1. గదిలో 36 డిగ్రీలు, క్యాబినెట్ లోపల మరో 4. కూలర్ అంకె 0.4. చిప్ గరిష్ఠంగా 88 వాట్లు తీసుకుంటే దాని వేడి ఎంత?
2. అదే కూలరును 230 వాట్ల చిప్‌కు వాడవచ్చునా?
3. ఆ 230 వాట్ల చిప్ అదే గదిలో 95 డిగ్రీలు దాటకుండా ఉండాలంటే కూలర్ అంకె ఎంతకు మించకూడదు?

జవాబులు: 1) 75.2 డిగ్రీలు. 2) వాడకూడదు. లెక్క ప్రకారం 132 డిగ్రీలు వస్తుంది, అంటే చిప్ అంతకు చాలా ముందే వేగం తగ్గించుకుంటుంది. 3) సుమారు 0.24.