ఒంటరిగా దొరకని క్వార్కు

విద్యార్థులారా! దండాయస్కాంతాన్ని మధ్యకు విరిస్తే ఉత్తర ధ్రువం ఒక చేతికీ, దక్షిణ ధ్రువం మరొక చేతికీ వస్తాయా? రావు. ప్రతి ముక్కా రెండు ధ్రువాలున్న పూర్తి అయస్కాంతమే. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ప్రోటాను మూడు క్వార్కులతో ఏర్పడిందని 1964లో గెల్‌మన్, జ్వైగ్ అనే శాస్త్రజ్ఞులు ఎవరికి వారే ప్రతిపాదించారు. క్వార్కు ఆవేశం ఎలక్ట్రాను ఆవేశంలో మూడో వంతో, మూడింట రెండు వంతులో ఉండాలి. అటువంటి కణం కోసం విశ్వకిరణాల్లో వెతికారు, సముద్రపు నీటిలో వెతికారు, మిలికన్ పద్ధతిలో లక్షలాది నూనె బొట్లను పరీక్షించారు. 1977లో స్టాన్‌ఫర్డులో నయోబియం గోళీలపై భిన్నావేశం కనిపించిందన్నారు గాని, ఇతరుల ప్రయోగాలు దాన్ని బలపరచలేదు.

“దొరకనిది ఉన్నదని ఎలా నమ్మాలి మాస్టారూ?” అని మా తరగతిలో ఒక అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న!

చింతపండు ముద్దలో సూది గుచ్చితే గింజ ఎక్కడున్నదో తెలుస్తుంది కదా! గింజను బయటికి తీయనక్కరలేదు. 1960ల చివర స్టాన్‌ఫర్డులోని మూడు కిలోమీటర్ల పొడవైన త్వరణయంత్రంతో ప్రోటానులను ఎలక్ట్రానులతో కొట్టారు. అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ ఎలక్ట్రానులు పెద్ద కోణాల్లో పక్కకు మళ్లాయి. ఆవేశం ప్రోటానంతటా మెత్తగా పరచుకొని ఉంటే అలా జరగదు. లోపల చిన్న చిన్న గింజలున్నాయన్నమాట! ఇందుకు ఫ్రీడ్‌మన్, కెండల్, టేలర్‌లకు 1990లో నోబెల్ బహుమతి లభించింది.

మరి అవి బయటికెందుకు రావు? దూరం పెరిగితే విద్యుదాకర్షణ తగ్గుతుంది. క్వార్కుల మధ్య బలం అలా తగ్గదు. వాటిని విడదీయబోతే, దాదాపు 16 టన్నుల బరువుకు సమానమైన బలం వెనక్కి లాగుతూనే ఉంటుంది. లాగడానికి మనం ఖర్చుచేసిన శక్తే చివరకు కొత్త క్వార్కు, ప్రతిక్వార్కుల జంటగా మారుతుంది. విరిచిన అయస్కాంతంలాగే, ఒంటరి క్వార్కుకు బదులు పూర్తి కణాలే చేతికొస్తాయి.

దీనికీ సాక్ష్యం ఉంది. ఎలక్ట్రాను, పాజిట్రానులను ఢీకొట్టిస్తే క్వార్కు, ప్రతిక్వార్కు ఎదురెదురు దిశల్లో దూసుకుపోవాలి. 1975లో స్టాన్‌ఫర్డులో ఆ రెండు దిశల్లోనూ కణాల గుంపులు కనిపించాయి. వీటిని జెట్‌లంటారు. వాటిలోని ఏ కణానికీ భిన్నావేశం లేదు. క్వార్కులను బంధించే గ్లూవాను కూడా ఒంటరిగా దొరకదు. 1979లో హాంబర్గులో మూడో జెట్ రూపంలో అది తన జాడ తెలిపింది.

అయితే, క్వార్కులు ఇలా బందీలై ఉండి తీరాలని సిద్ధాంతం నుంచి పూర్తి గణిత నిరూపణ ఇంకా రాలేదు. మీరు ముందు చిన్న లెక్కతో మొదలుపెట్టండి. అప్ క్వార్కు ఆవేశం +2/3, డౌన్ క్వార్కు ఆవేశం −1/3. ఏ మూడు కలిస్తే ప్రోటాను, ఏ మూడు కలిస్తే న్యూట్రాను?