మే నెల గృహప్రవేశానికి ఏ బట్టలు?

ప్రశ్న: మే నెలలో గృహప్రవేశం ఉంది. ఇంటిల్లిపాదికీ పట్టుబట్టలే కొనాలా?

జవాబు: ఎండాకాలంలో హోమగుండం ముందు గంటల తరబడి కూర్చోవాలి కాబట్టి పీటల మీద కూర్చునే దంపతులకు నూలు కలిసిన నేత మేలు. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటికి తగిలే భాగం చెమట పీల్చుకుంటుంది, నిండుదనం తగ్గదు. మగవారికి జరీ అంచు మంగళగిరి పంచె, కండువా సరిపోతాయి.

పిల్లల పట్టు పరికిణీకి మెత్తని నూలు లైనింగ్ తప్పనిసరి. అంచుకు పైన లోపలివైపు రెండు మడతలు కుట్టిస్తే, పొడవు పెరిగినప్పుడు విప్పుకోవచ్చు.

అందరికీ ఒకే తానులో కుట్టించనక్కర్లేదు. ఇల్లాలి చీర అంచు రంగును మిగిలినవారి జాకెట్టులోనో కండువాలోనో తెస్తే చాలు, కుటుంబమంతా ఒక్కటిగా కనిపిస్తుంది.

పట్టు కొనేటప్పుడు సిల్క్ మార్క్ లేబుల్ చూడాలి. పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే పోగులకు రంగు అద్దుతారు కనుక డిజైన్ రెండువైపులా కనిపించాలి. వెనకవైపు వెలవెలబోతే అది అచ్చు గుడ్డే.

వేడుకయ్యాక పట్టును నీడలో ఆరబెట్టి, నూలు గుడ్డలో చుట్టి దాచాలి.