ముట్టకుండానే అయిపోయే నెట్

మన హాస్టల్లో సెల్‌ఫోన్లు ఉండవు గదా, ఈ పాఠం మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. సెలవులకు పోతే ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ మన చేతికే వస్తుంది. రీచార్జి డబ్బులు మాత్రం పెద్దవాళ్ళవి. అందుకే రాస్తున్నాను.

దసరా సెలవుల్లో జీడిమెట్లలో ఉండే మా చిన్నాయన ఇంటికి పోయాను. ఆయన ఫోన్‌కి రోజుకు 1.5 జీబీ నెట్ వచ్చే ప్యాకు ఉంది. నైట్ డ్యూటీ చేసి వచ్చి ఆయన పడుకున్నాడు. నేను పావుగంట క్రికెట్ చూసి ఫోన్ పక్కన పెట్టాను. పది గంటలకల్లా ఈరోజు డేటా 100 శాతం అయిపోయిందని మెసేజ్! మిగతాదంతా ఎవరు తిన్నారు?

ఆరోజే ఊర్లో మా నాయనకు పానం బాగలేక పరీక్షలు చేయించారు. రిపోర్టు పంపితే ఇక్కడ తెరుచుకోదు. రోజు డేటా అయిపోతే చాలా ప్యాకుల్లో డబ్బు కోయరు గానీ వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు 8 కేబీలు. 5 ఎంబీల రిపోర్టు దిగాలంటే పది నిమిషాల పైనే! చిన్నాయన 19 రూపాయలు పెట్టి వేరే ప్యాకు వేయించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండు అనిపించింది.

సెట్టింగ్స్‌లో 'డేటా యూసేజ్' తెరిస్తే దొంగ దొరికాడు. ఏ యాప్ ఎంత వాడిందో అక్కడ వరసగా ఉంటుంది. మొదట వాట్సాప్! చుట్టాల గ్రూపులో వచ్చిన పెళ్ళి వీడియోలన్నీ ఎవరూ చూడకుండానే దిగిపోయాయి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా'లోకి పోయి, మొబైల్ డేటా కింద ఉన్న ఫోటోలు, ఆడియో, వీడియోల టిక్కులు తీసేయాలి. రెండోది ప్లే స్టోర్. అందులో యాప్‌ల అప్‌డేట్‌ను వైఫై ఉన్నప్పుడే అని పెట్టాలి. హాట్‌స్పాట్ ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఆపడం మరవొద్దు.

అన్నిటికన్నా సులువు, పని అయ్యాక మొబైల్ డేటా ఆపేయడం. అట్లా ఆపితే ఫోన్లు రావని మా అమ్మ భయం. మామూలు కాల్స్, ఎస్ఎమ్మెస్‌లు వస్తాయి. వాట్సాప్ మాత్రం ఆగుతుంది.

మా నాయన చెప్పే పాత రోజుల్లో అయితే నేరుగా డబ్బులే పోయేవి. కీప్యాడ్ ఫోన్ జేబులో ఉండగానే బటన్ నొక్కుకుని నెట్ తెరుచుకునేది. 10 కేబీలకు 10 పైసల లెక్కన 1 ఎంబీ, అంటే 1024 కేబీలు, 10 రూపాయల 24 పైసలు. 4 ఎంబీల పాటకు 41 రూపాయలు! 2015లో ట్రాయ్ నిబంధన తెచ్చింది. అడగకుండా నెట్ పెట్టకూడదు, 1925కు స్టాప్ అని పంపితే ఆపాలి, 50, 90, 100 శాతం వాడగానే చెప్పాలి. మనకొచ్చే ఆ మెసేజీలు ఊరికే రావడం లేదు, చదవకుండా తుడిపేయకండి.

ఇంకొకటి. కీప్యాడ్ ఫోన్ వాడే మా నాయనమ్మలాంటి వాళ్ళకు నెట్ ప్యాకు దండగ. కాల్స్, ఎస్ఎమ్మెస్‌లకే ఒక ప్యాకు ప్రతి కంపెనీ ఉంచాలని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో నిబంధన పెట్టింది. షాపులో మనం అడిగితేనే చెప్తారు.

చిన్నాయన ఫోన్‌లో టిక్కులన్నీ తీసేసి వచ్చాను. మరునాడు రాత్రికి అర జీబీ మిగిలింది. నాయన ఇప్పుడు బాగున్నాడు. వార్డెన్ సారు ఒప్పుకుంటే ఆదివారం సారు ఫోన్‌లోనే ఈ సెట్టింగులు చూపిస్తాను.