మన తీరపు తెప్పలు, పడవలు

ఆ మధ్య తొమ్మిదవ తరగతి తెలుగు పాఠమున ‘తెరచాప’ యను పదము వచ్చినది. అర్థము చెప్పుమని ఒక బాలుని అడిగితిని. చెప్పలేకపోయెను. అతని తాతగారు గోపాలపురపు తీరమున తెప్పపై వేటకు పోయి కుటుంబమును పోషించినవారు. ఇందు బాలుని దోషమేమియు లేదు. అతడు చూచినవి ఇంజను బిగించిన ఫైబరు పడవలే. అందువలన ఈ సంచికలో తల్లిదండ్రులతో ఈ విషయమునే ముచ్చటింపదలచితిని.

గంజాము మొదలు పూరీ వరకు గల తీరమున చేపలవేట వృత్తిగా గల తెలుగువారు తరతరములుగా నివసించుచున్నారు. వారి పూర్వులకు ముఖ్యసాధనము తెప్ప. తేలికయైన దుంగలను ప్రక్కప్రక్కన చేర్చి త్రాళ్లతో బిగించి కట్టుటయే దాని నిర్మాణము. దానికి లోతైన తొట్టి లేదు గనుక నీరు నిండదు. అల మీదికి వచ్చినను దుంగల సందులనుండి జారిపోవును. ఒడ్డు చేరిన పిదప కట్లు విప్పి, తడిసిన దుంగలను ఎండబెట్టెడివారు. రాత్రివేళ నేల సముద్రముకంటె త్వరగా చల్లబడును గనుక తెల్లవారుజామున గాలి సముద్రమువైపు వీచును. ఆ గాలికి తెరచాప యెత్తి వేటకు పోయెడివారు. పగలు నేల వేడెక్కగా గాలి మరలును. దానితోనే ఇల్లు చేరెడివారు.

రెండవది మసూలా పడవ. పలకలకు రంధ్రములు చేసి కొబ్బరిపీచు త్రాటితో కుట్టెడివారు. ఇనుపమేకులు కొట్టెడివారు కారు. మేకులతో బిగించిన పడవ అలల తాకిడికి పగులవచ్చును. కుట్టుపడవ కొంచెము వంగి దెబ్బకు ఓర్చును. ఓడలు తీరమునకు రాలేని కాలమున, దూరమున లంగరు వేసిన వానికి మద్రాసునందును గోపాలపురమునందును సరకులను, ప్రయాణికులను చేర్చినవి ఈ పడవలే.

ఓడవర్తకమును మనవారికి క్రొత్త కాదు. శాతవాహనుల నాణెములపై రెండు కొయ్యల ఓడ బొమ్మ కలదు. తుపానుచే ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకులను పూర్వరాజులు అపహరించెడివారనియు, తాను సుంకము మాత్రమే గైకొందుననియు కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి శాసనమున అభయమిచ్చెను. గోదావరి ముఖమున కోరంగిలో తెరచాప ఓడలను నిర్మించెడివారు. 1839 నవంబరు తుపాను ఆ రేవును నాశనము చేసెను. అయినను బర్మాలో మన తెలుగువారిని ‘కోరంగీలు’ అనియే పిలిచెడివారు. రేవు పోయినను పేరు నిలిచినది.

మరునాడు ఆ బాలుడు తాతగారినడిగి, తెప్పబొమ్మ గీచి, తెరచాప, తెడ్డు, లంగరు మున్నగు పేర్లు వ్రాసికొని బడికి వచ్చెను. తరగతి యంతయు ఆసక్తితో వినినది.

తల్లిదండ్రులారా! మీ యిండ్లలోను వృద్ధులున్నారు. వారు సముద్రమునకు పోయినవారు కానక్కరలేదు. మగ్గము నేసినను, పొలము దున్నినను సరియే. ఈ సెలవులలో పిల్లలను వారి చెంత కూర్చుండబెట్టి, వారి పనిముట్ల పేర్లను, వానిని వాడిన విధమును వ్రాయింపుడు. బడి అక్షరములు నేర్పగలదు. ఈ మాటలను మాత్రము ఇంటివారే నేర్పవలెను.