పట్టణమున కిరాయి ఇల్లు: రైతు చూడవలసిన లెక్క

మన సంఘ సభ్యులలో కొందరి బిడ్డలు హైదరాబాదునందు ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచున్నారు. 1918వ సంవత్సరమున స్థాపింపబడి, 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల భవనముచే ప్రసిద్ధిగాంచిన ఆ విద్యాలయము చెంతనే తార్నాక యున్నది. బిడ్డను చేర్చుటకు పోయిన రైతు అచట గేట్లకు వ్రేలాడు టు-లెట్ బోర్డులను జూచి, “రెండెకరములమ్మి ఇచట నొక ఫ్లాటు కొన్నచో నెలనెలా కిరాయి రాదా?” యని తలపోయుట సహజము. ఈ ప్రశ్న మాకును వచ్చుచున్నది. కావున సభ్యుల మేలుకోరి ఇందలి సాధకబాధకములను వివరింపనెంచితిమి.

1. నికరపు రాబడి

కల్లమున రాశిపోసిన ధాన్యమంతయు లాభము కాదని రైతునకు చెప్ప నక్కరలేదు. విత్తనము, ఎరువు, కూలి పోగా మిగిలినదే లాభము. ఇంటికిని అదియే సూత్రము. లెక్క సులభమగుటకై 40 లక్షల రూపాయలకు ఫ్లాటు కొని నెలకు 12,000 కిరాయికిచ్చితిమనుకొందము. ఏడాదికి వచ్చునది 1,44,000. అందు ఇల్లు ఒక నెల ఖాళీగానున్నచో 12,000, అపార్టుమెంటు నిర్వహణకు నెలకు 1,500 చొప్పున 18,000, ఇంటిపన్నుకును మరమ్మతులకును 14,000 తీసివేయగా మిగులునది 1,00,000. అనగా పెట్టుబడిపై నూటికి ఏడాదికి రెండున్నర రూపాయలు. రిజిస్ట్రేషను ఖర్చు ఇందు చేర్చలేదు.

ఇక సగము సొమ్ము, అనగా 20 లక్షలు, నూటికి ఏడాదికి ఎనిమిది రూపాయల వడ్డీకి తెచ్చినచో మొదటి ఏడాది వడ్డీయే 1,60,000 అగును. కిరాయి మిగులు చాలక మరి 60,000 రూపాయలు పొలమునుండి తేవలయును. అసలు తీర్చుట వేరు. అట్టి యిల్లు రైతును పోషింపదు. రైతే దానిని పోషింపవలసి వచ్చును.

ధర పెరుగును గదా యని కొందరందురు. పెరుగునది ముఖ్యముగా నేల ధర. కట్టడము ఏటికేడు పాతబడును. కాన ఫ్లాటుతోపాటు విభజింపని నేలలో మన వాటా ఎన్ని గజములో పత్రమున చూచుకొనవలయును.

2. కిరాయికి వచ్చువారు

తార్నాకలో కిరాయికి వచ్చువారు పలు తెఱగులవారు. విద్యార్థులును, ఉద్యోగ పరీక్షలకు చదువుకొనువారును నలుగురైదుగురు కలిసి ఇల్లు తీసికొందురు. చదువు ముగియగానే, పరీక్ష గడువగానే వీరు వెడలిపోవుదురు. వేసవిలో ఇల్లు ఖాళీ పడుట కలదు. జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ మున్నగువానిలో పనిచేయు జీతగాండ్రు కుటుంబముతో కొన్నియేండ్లు నిలువవచ్చును. 2017లో మెట్రో రైలు వచ్చుటచే ఈ చోటికి సౌకర్యము హెచ్చినది. కాని ఆ రైలే దూరపు పేటలలో తక్కువ కిరాయికి ఉండి ఇచటికి వచ్చిపోవుటకును దారి చూపినది. కాన ఎంత కిరాయి కోరినను వచ్చునని భ్రమపడరాదు.

కొనుటకు ముందు ఎండకాలమున ఒకమారు పోయి నీటి సంగతి విచారింపవలయును. బోరు ఎండిన బాధ మన మెరిగినదే. ట్యాంకరు నీరు కొనవలసివచ్చినచో ఆ ఖర్చు నిర్వహణ లెక్కలో పడును.

3. కాగితములు

సాదా బైనామాల వలని చిక్కులు తెలంగాణ రైతునకు క్రొత్త కాదు. పట్టణమున నోటరీ కాగితముపై ఇల్లు కొనుట అట్టిదే. నూరు రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి అమ్మకము రిజిస్టరు పత్రము ద్వారానే జరుగవలయునని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము చెప్పుచున్నది. మూలపత్రములను, ముప్పదియేండ్ల ఈసీని, పురపాలక సంస్థ యిచ్చిన కట్టడపు అనుమతిని న్యాయవాదిచే చదివించి పిమ్మటనే బయానా ఈయవలయును. అనుమతికి మించి లేపిన అంతస్తులో ఫ్లాటు కొనరాదు. విశ్వవిద్యాలయ భూముల అంచున హద్దుల వివాదములు కలవు గాన అచట సర్వే నంబరును మరింత జాగ్రత్తగా చూడవలయును.

4. ఒప్పందము

ఏడాదికి మించిన కిరాయి పత్రమును రిజిస్టరు చేయింపవలయునని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము శాసించుచున్నది. పదునొకండు నెలల పత్రములు వ్రాసికొను వాడుక దీనివలననే కలిగినది. కిరాయి మొత్తము, చెల్లించు తేదీ, అడ్వాన్సు, మరమ్మతుల భారము, ఖాళీచేయుటకు గడువు స్పష్టముగా వ్రాయవలయును. ప్రతి నెల సొమ్మునకును రసీదు ఈయవలయును. తగవు వచ్చినప్పుడు నీరు, విద్యుత్తు ఆపుటయు, తాళము వేయుటయు కూడని పనులు. నోటీసు ఇచ్చి న్యాయస్థానము ద్వారానే పోవలయును.

5. పన్ను, అప్పు

సేద్యపు ఆదాయముపై కేంద్ర ఆదాయపు పన్ను లేదు. ఇంటి కిరాయిపై కలదు. చెల్లించిన ఇంటిపన్ను తీసివేసి, మిగిలినదానిలో నూటికి ముప్పది వంతులు మినహాయింతురు. నిలిచిన మొత్తము ఇతర ఆదాయముతో కలిసి పరిమితి దాటినచో పన్ను పడును.

మఱియొక మాట. సంఘము తక్కువ వడ్డీకి ఇచ్చు పంట ఋణమును ఇంటి బయానాకు వాడరాదు. ఆ ఋణము పంట చేతికి వచ్చినప్పుడు తీరుటకు ఏర్పడినది. అది గోడలలో చిక్కుకొన్నచో గడువు తప్పి, మరుసటి పంటకు అప్పు పుట్టదు.

కాన అప్పులు తీరి, ఏడాది ఖర్చునకు తగిన సొమ్ము చేతనుంచుకొని, ఇంకను మిగులుగలవారే ఈ పనికి పూనుకొందురు గాక. నీరు పారు పొలమునమ్మి ఇల్లు కొనుటకు మా సమ్మతి లేదు. కొన్నవారు ఇంకొక సంగతి మరువరాదు. కులమడిగి ఇల్లు లేదనుటయు, అకారణముగా అడ్వాన్సు పట్టుకొనుటయు మన బిడ్డలకే ఆ పేటలో ఎదురుకావచ్చును. మన బిడ్డ యజమాని యెట్లుండవలెనని కోరుదుమో, మనమును అట్టి యజమానులమై యుండవలయును.