వేడికీ ఒక ఎత్తిపోతల

పోయిన డిసెంబరులో మా మామ్మ కాకినాడ నుంచి జనక్‌పురికి వచ్చింది. కాకినాడలో చలికాలమంటే తెల్లవారుజామున ఒక దుప్పటి కప్పుకుంటే సరిపోతుంది. ఇక్కడ డిసెంబరు చివర్లో, జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలకు పడిపోతుంది. మాది డీడీఏ ఫ్లాటు, ఉత్తరం వైపు గది, రోజంతా ఎండ తగలదు. మూడో రోజుకే మామ్మ "ఒరే, ఇక్కడ కుంపటి దొరకదా? గదిలో పెట్టుకుని తలుపేసుకు పడుకుంటాను" అంది.

దొరుకుతుంది. కింద గేటు దగ్గర కాపలా ఆయన రోజూ దాని ముందే కూర్చుంటాడు. ఇక్కడ దాన్ని అంగీఠీ అంటారు. కానీ నాన్న గట్టిగా వద్దన్నారు. మూసిన గదిలో బొగ్గు మండితే ఆక్సిజన్ చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకు ఊపిరాడటం లేదన్న సంగతే తెలియదు. ఢిల్లీలో అంగీఠీ పెట్టుకుని పడుకుని లేవనివాళ్ల వార్త ప్రతి చలికాలం పేపర్లో వస్తూనే ఉంటుంది. అందుకని మామ్మ గదిలో వేడినీ చల్లదనాన్నీ రెండింటినీ ఇచ్చే ఏసీ పెట్టాలని నిర్ణయించారు. అంగట్లో దాన్ని "హాట్ అండ్ కోల్డ్ ఏసీ" అంటారు. శాస్త్రంలో దాని పేరు హీట్ పంపు.

నేను 11వ తరగతి. మా భౌతికశాస్త్ర పుస్తకంలో ఉష్ణగతిక శాస్త్రం పాఠం ఉంది, హీట్ పంపు మాత్రం లేదు. అక్క చదివిన పాత పుస్తకంలో ఉష్ణ యంత్రాలు, రిఫ్రిజిరేటర్లు, హీట్ పంపులు అనే భాగాలు ఉన్నాయి, ఆ తరువాత వాటిని తీసేశారు. పరీక్షకు అక్కర్లేని ఆ పేజీలను నేను చదవాల్సి వచ్చింది మా ఇంటి గోడ మీది యంత్రం కోసం.

నీరు పల్లమెరుగు అంటారు. వేడి కూడా అంతే, దానంతట అది ఎక్కువ ఉష్ణోగ్రత నుంచి తక్కువ ఉష్ణోగ్రతకే పోతుంది. మరి బయట 5 డిగ్రీల చలి గాలి నుంచి 20 డిగ్రీల గదిలోకి వేడి ఎలా వస్తుంది? మన గోదావరి జిల్లాల వాళ్లకు ఇది చెప్పడం సులువు. పట్టిసీమ దగ్గర గోదావరి నీటిని మోటార్లు పైకి తోడి కాలువలో పోస్తాయి. ఆ మోటార్లు నీటిని పుట్టించవు, ఉన్న నీటిని ఎత్తుతాయి. హీట్ పంపు కూడా వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్న వేడిని ఎత్తి లోపల పోస్తుంది. 5 డిగ్రీల గాలిలో వేడి ఎక్కడుంది అని నేనూ మొదట అడిగాను. కెల్విన్ మానంలో చూడండి, 5 డిగ్రీల సెల్సియస్ అంటే 278 కెల్విన్. సున్నాకి చాలా దూరంలో ఉన్నాం. అణువులు అప్పుడు కూడా చురుగ్గానే కదులుతుంటాయి.

ఎత్తే పని చేసేది ఒక ద్రవం. మెకానిక్కులు దాన్ని "గ్యాస్" అంటారు. మా యంత్రంలో ఉన్నది ఆర్-32. మామూలు వాతావరణ పీడనంలో దాని మరుగు స్థానం దాదాపు మైనస్ 52 డిగ్రీలు. ఇంజెక్షన్ ముందు చేతి మీద స్పిరిట్ రాస్తే చల్లగా ఉంటుంది కదా, ఆవిరవుతూ అది మన చర్మం నుంచి గుప్తోష్ణాన్ని తీసుకుంటుంది. మట్టి కుండలో నీళ్లు చల్లబడేది కూడా అందుకే. చలికాలంలో బయటి యూనిట్ గొట్టాలలో పీడనం తగ్గించి ఈ ద్రవాన్ని సున్నాకి కొంచెం కింద ఉష్ణోగ్రతలో మరిగేలా చేస్తారు. తనకంటే వెచ్చగా ఉన్న 5 డిగ్రీల గాలి నుంచి అది వేడి తీసుకుని ఆవిరవుతుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కుతుంది. సైకిలు పంపు కొట్టినప్పుడు గొట్టం వేడెక్కినట్టే ఆవిరి కూడా బాగా వేడెక్కుతుంది. గదిలోని యూనిట్‌లోకి వచ్చి, తన వేడిని గదికి ఇచ్చేసి మళ్లీ ద్రవమవుతుంది. ఆ తరువాత ఒక సన్నని దారిలోంచి పీడనం కోల్పోయి బయటి యూనిట్‌కు తిరిగి వెళుతుంది. అంతే, ఒక చక్రం.

వేసవిలో ఇదే చక్రం తిరగబడుతుంది. నాలుగు దారుల వాల్వు ఒకటి లోపల జరిగి, గదిలోని గొట్టాలు వేడి తీసుకునేలా, బయటివి వేడి వదిలేలా చేస్తుంది. మామూలు ఏసీకీ దీనికీ ముఖ్యమైన తేడా ఆ వాల్వే. మోడ్ మార్చినప్పుడు "స్‌స్‌" మని శబ్దం వస్తే భయపడకండి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1852లోనే విలియం థామ్సన్, అంటే తరువాతి లార్డ్ కెల్విన్, ఇలాంటి యంత్రంతో భవనాలను వేడి చేయవచ్చని రాశాడు. 1850ల్లోనే ఆస్ట్రియాలో పీటర్ ఫాన్ రిట్టింగర్ ఉప్పు నీటిని ఇంకించడానికి ఇదే సూత్రంతో యంత్రం కట్టాడు.

ఇప్పుడు లెక్క. 2,000 వాట్ల రాడ్ హీటర్ 2,000 వాట్ల వేడి ఇస్తుంది, అంతకు మించి ఒక్క వాటు కూడా ఇవ్వదు. రోజుకు 5 గంటలు వేస్తే 10 యూనిట్లు, నెలకు 300. హీట్ పంపు తీసుకునే ప్రతి యూనిట్ కరెంటుకు సుమారు 3 యూనిట్ల వేడి లోపల పోస్తుందనుకుందాం. ఈ నిష్పత్తిని పనితీరు గుణకం అంటారు. అప్పుడు అంతే వేడికి నెలకు 100 యూనిట్లు చాలు. కార్నో సూత్రం ప్రకారం 278 నుంచి 293 కెల్విన్‌కు వేడి ఎత్తడానికి గుణకం 293ను 15తో భాగిస్తే వచ్చే 19.5 దాకా ఉండొచ్చు. మరి 3 ఏమిటి? లోపలి గొట్టం గదిని వేడి చేయాలంటే తాను 45 డిగ్రీల దగ్గర ఉండాలి. బయటి గొట్టం గాలి నుంచి వేడి తీసుకోవాలంటే మైనస్ 3 దగ్గర ఉండాలి. అంటే నిజంగా ఎత్తుతున్నది 15 డిగ్రీలు కాదు, 48 డిగ్రీలు. 318ని 48తో భాగిస్తే 6.6. మిగిలినది మోటారులో, ఫ్యాన్లలో, రాపిడిలో పోతుంది. ఈ లెక్క వేశాక నాకు ఒకటి అర్థమైంది: బయటి గొట్టం ఎంత చల్లబడితే మన బిల్లు అంత పెరుగుతుంది. మా ఇంట్లో తప్పు జరిగింది సరిగ్గా అక్కడే.

యంత్రం బిగించేటప్పుడు బయటి యూనిట్‌ను వెనక బాల్కనీలో పెట్టించాం. మా బాల్కనీకి, ఈ చుట్టుపక్కల చాలా ఇళ్లలాగే, అద్దాలు బిగించి ఉన్నాయి. దొంగల భయం లేదు, దుమ్ము పడదు, చేతికి అందుతుంది అని అందరం సంతోషించాం. వారం రోజులు బాగానే పనిచేసింది. పొగమంచు దట్టంగా పట్టిన ఒక ఉదయం గదిలో వేడి గాలి ఆగిపోయింది. లోపలి ఫ్యాన్ నిలిచిపోయింది. బాల్కనీలోంచి తెల్లగా పొగ! "మంటంటుకుందిరా!" అని మామ్మ కేకేసింది. నేను పరుగెత్తి స్విచ్ కట్టేశాను.

వచ్చిన మెకానిక్ గొట్టాన్ని చేత్తో ముట్టుకుని "గ్యాస్ అయిపోయింది, 3,500 అవుతుంది" అన్నాడు. నాన్న డబ్బు తీయబోతుంటే నేను యంత్రంతో వచ్చిన పుస్తకం తెచ్చాను. అందులో "డీఫ్రాస్ట్" అన్న పేజీ ఉంది. బయటి గొట్టం సున్నాకి కింద ఉన్నప్పుడు తడి గాలిలోని ఆవిరి దాని మీద మంచుగా పేరుకుంటుంది. మంచు పేరుకుంటే గాలి ఆడదు. అందుకని యంత్రం కొద్ది నిమిషాలు తనంతట తాను చక్రం తిప్పి, వేడి ఆవిరిని బయటి గొట్టంలోకి పంపి మంచు కరిగిస్తుంది. ఆ సమయంలో గదిలోకి చల్లగాలి కొట్టకుండా లోపలి ఫ్యాన్‌ను ఆపుతుంది. మేము చూసింది పొగ కాదు, నీటి ఆవిరి.

గ్యాస్ విషయంలో ఒక మాట. అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాలలో తిరిగేదే. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు సబ్బు నురగతో వెతికి, మూసి, ఆ తరువాత తూకం వేసి నింపాలి. కారే కుండలో నీళ్లు పోసినట్టు ఏటా నింపించుకునే ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి.

డీఫ్రాస్ట్ అంటే తప్పు కాదు సరే, మాకు అరగంటకోసారి ఎందుకు వస్తోంది? బడి ప్రయోగశాల నుంచి సార్‌ను అడిగి రెండు థర్మామీటర్లు తెచ్చాను. ఆ రాత్రి మెట్ల దగ్గర 8 డిగ్రీలు, అద్దాల బాల్కనీలో 2 డిగ్రీలు ఉంది. యూనిట్ గాలి నుంచి వేడి లాగేసి చల్లగాలి వదులుతోంది. అద్దాల మధ్య చిక్కుకున్న ఆ గాలినే మళ్లీ పీలుస్తోంది. మళ్లీ చల్లబరుస్తోంది. అందుకే అంత మంచు, అంత కరెంటు. వేసవిలోనూ ఇదే జరుగుతుంది, కాకపోతే తిరగేసి: వదిలిన వేడినే మళ్లీ పీల్చుకుంటుంది. అద్దాలు తీసేస్తే సరిపోయేదేమో కానీ అమ్మ ఒప్పుకోలేదు. వేరే మెకానిక్‌ను పిలిచి యూనిట్‌ను బయటి గోడకు ఇనుప బ్రాకెట్ మీదకు మార్పించాం. మరుసటి వారం పొగమంచులో కూడా డీఫ్రాస్ట్ రాత్రికి రెండు మూడు సార్లకు తగ్గింది.

ఆ రెండో మెకానిక్ దగ్గర చాలా నేర్చుకున్నాను. గొట్టాలు కలిపాక వాల్వులు తెరిచే ముందు వ్యాక్యూమ్ పంపుతో 20 నిమిషాలు లోపలి గాలి లాగేశాడు. గాలితో పాటు తేమ ఉండిపోతే సన్నని దారిలో గడ్డకట్టి అడ్డుపడుతుంది, నూనెతో కలిసి ఆమ్లంగా మారి కంప్రెసర్‌ను తినేస్తుంది. కొందరు ఈ పంపు తేకుండా కొంచెం గ్యాస్ వదిలి గాలిని నెట్టేస్తారు. అలా చేస్తానంటే ఒప్పుకోవద్దు. ఆర్-32 కొద్దిగా మండే గుణం ఉన్నది కూడా. గొట్టాలు కలిపే చోట దగ్గర దీపం, బీడీ ఉండకూడదు. కరెంటు విషయంలో పాత ఫ్లాట్లలో మరీ జాగ్రత్త పడాలి. ఈ యంత్రానికి మీటరు దగ్గర నుంచి విడిగా మందపాటి రాగి తీగ, దానికే ఎంసీబీ, సరైన ఎర్తింగ్ కావాలి. గీజరు సాకెట్లోంచి లాగిన తీగ పనికిరాదు.

అంతా అయిందనుకున్నాక కింది ఇంటి ఆంటీ వచ్చారు. ఆమె ఆరేసిన రజాయి తడిసిపోయింది! వేసవిలో నీళ్లు లోపలి యూనిట్ నుంచి కారతాయి, దానికి గొట్టం ఉంటుంది. చలికాలంలో కరిగిన మంచు బయటి యూనిట్ అడుగు నుంచి కారుతుందని మాకెవరికీ తట్టలేదు. యూనిట్‌తో వచ్చిన చిన్న ప్లాస్టిక్ మూతి డబ్బాలోనే ఉండిపోయింది. దాన్ని అడుగున బిగించి, గొట్టం తగిలించి, వాననీటి పైపులోకి వదిలాం. అమ్మ పులిహోర పట్టుకుని కిందికి వెళ్లి వచ్చింది.

మిగతావి చిన్నవి. వేడి రావడం లేదని పిలిచే ముందు రిమోట్ మీద సూర్యుడి గుర్తు ఉందో లేదో చూడండి. మంచు పువ్వు గుర్తు ఉంటే అది చల్లబరుస్తోంది. పెట్టిన అంకె గది ఉష్ణోగ్రత కంటే ఎక్కువ ఉండాలి. మా తమ్ముడు వేసవి అలవాటుతో 18 పెట్టి యంత్రం చెడిపోయిందన్నాడు. 20 నుంచి 22 చాలు. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి రెక్కలను కిందికి తిప్పాలి, లేదంటే కప్పు వెచ్చగా, మామ్మ పాదాలు చల్లగా ఉంటాయి. ఢిల్లీ దుమ్ముకు జల్లెడ పదిహేను రోజులకోసారి కడగాలి. కొనేటప్పుడు చూసే నక్షత్రాలు, ఐసీర్ అంకె చల్లబరిచే పనికి ఇచ్చినవి మాత్రమే. వేడి చేసేటప్పటి గుణకం ఎంతో విడిగా అడిగి తెలుసుకోవాలి. మేము అడగలేదు. ఇక పైమూత విప్పడం, లోపలి కెపాసిటర్‌ను ముట్టుకోవడం మన పని కాదు. స్విచ్ తీసేశాక కూడా దానిలో విద్యుత్తు నిలిచి ఉంటుంది.

సంక్రాంతి ముందు రోజు ఉదయం మళ్లీ గోడ మీది యూనిట్ నుంచి తెల్లగా ఆవిరి లేచింది. గేటు దగ్గర కాపలా ఆయన "ధువా! ధువా!" అని అరుస్తూ పైకి చూశాడు. మామ్మ బాల్కనీ కిటికీ తెరిచి, నేను నేర్పిన నాలుగు హిందీ ముక్కలతో "ధువా నహీ భయ్యా, బరఫ్, బరఫ్" అని చెప్పి, కిటికీ వేసుకుని లోపలికి వచ్చింది.