కంప్యూటర్‌కి బోరు నీళ్లు పనికిరావు

మే నెల మధ్యాహ్నం ప్రకాశం జిల్లా కురిచేడులో మిద్దె గదిలో ఉష్ణమాపకం పెట్టి చూడండి. 40 డిగ్రీలకి అటూ ఇటూ చూపిస్తుంది. కంప్యూటర్‌కి వాటర్ కూలింగ్ పెట్టుకోవాలనే ఉబలాటం ఉంటే ముందు ఆ అంకె రాసిపెట్టుకోండి. కుండలో నీళ్లు గాలికన్నా చల్లగా ఉంటాయంటే మట్టిలోంచి చెమ్మ ఊరి ఆవిరైపోతుంది కాబట్టి. మూసిన గొట్టాల్లో తిరిగే నీళ్లకి ఆ దారి లేదు. గది 40లో ఉంటే నీళ్లు 40 కిందికి దిగవు, పని పడితే 50 దాకా పోతాయి.

అందుకే కొనడం, నీళ్ల వేడిని గాలికి వదిలే రేడియేటర్‌తో మొదలుపెట్టాలి. చాలామంది ప్రాసెసర్ మీద బిగించే మెరిసే బ్లాకు చూసి ముందు దానికి డబ్బు పెడతారు. ప్రాసెసర్ వాట్లు, గ్రాఫిక్స్ కార్డు వాట్లు కలపండి. 120 మిల్లీమీటర్ల ఫ్యాను పట్టే ఒక్కో గడికి సుమారు 100 వాట్లు అన్నది వాడుక లెక్క. 125, 200 కలిపి 325 వాట్లనుకుంటే చల్లటి ఊళ్లో మూడు ఫ్యాన్ల 360 రేడియేటర్‌తో గడిచిపోతుంది. మన ఎండకి దానికి తోడు ఇంకో 240 ఉండాల్సిందే. 360 అన్నది పేరుకే, చివర్లు కలిపితే పొడవు 400 దగ్గరికి వస్తుంది, క్యాబినెట్‌లో టేపు పెట్టి కొలవండి. రెక్కలు మరీ దగ్గరగా ఉన్నది వద్దు, మన దుమ్ముకి నెలలో మూసుకుపోతుంది. అంగుళానికి 16కి మించకపోతే పెయింటు బ్రష్షుతో దులుపుకోవచ్చు.

రేడియేటర్ రాగిదా, అల్యూమినియందా అని అడగండి. బ్లాకులు ఎక్కువగా రాగివే. రాగీ అల్యూమినియమూ ఒకే నీళ్లలో ఉంటే అది బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది.

పంపు డీ5 రకం తీసుకుంటే గొడవ లేదు. డీడీసీ చిన్నది, బలమైనదే కానీ త్వరగా వేడెక్కుతుంది. నీళ్ల డబ్బా పంపుకన్నా పైన ఉండాలి, పంపు ఒట్టిగా తిరగకూడదు. గొట్టాలు మెత్తటి రబ్బరువి చాలు. గట్టి పీఈటీజీ గొట్టాలు అందంగానే ఉంటాయి, కానీ నీళ్ల వేడి 60కి చేరితే మెత్తబడే ప్రమాదముంది. గొట్టం 10/16 (లోపలి, బయటి వ్యాసాలు మిల్లీమీటర్లలో) అయితే ఫిట్టింగులూ 10/16వే కావాలి, మర జీ 1/4. ఒక ఫిట్టింగు తక్కువైతే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా పోవాలి, లేదా కొరియర్ కోసం కాచుక్కూర్చోవాలి. రెండు ఎక్కువే కొనండి.

ఇక నీళ్లు. పడమటి ప్రకాశం బోర్లు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. కంప్యూటర్‌కి అసలు శత్రువు అది కాదు, కాల్షియం, మెగ్నీషియం లవణాలు. మీ ఇంట్లో వాటర్ హీటర్ రాడ్డు చూడండి, తెల్లటి పెచ్చులు కట్టి ఉంటుంది. గోటితో గీకినా రాదు. బ్లాకు లోపల కాలువలు అర మిల్లీమీటరు కూడా ఉండవు, అక్కడ అదే పెచ్చు కడితే పని అయిపోయినట్టే. సాగర్ కాలువ నీళ్లలో మన్నూ పాచీ ఉంటాయి. ప్లాంటు నుంచి తెచ్చే ఇరవై లీటర్ల క్యాను నీళ్లలోనూ లవణాలు పూర్తిగా పోవు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కొనండి. అదే కొట్లో యాసిడ్ డబ్బాలూ అలాగే ఉంటాయి, చీటీ చదవకుండా చెయ్యి పెట్టొద్దు. తుప్పునూ పాచినీ ఆపే మందు విడిగా అమ్ముతారు, అదీ కలపండి.

అన్నీ బిగించాక కంప్యూటర్ ఆన్ చెయ్యకండి. పవర్ సప్లైకి జంపర్ తగిలించి, మిగతా వైర్లన్నీ పీకేసి పంపు ఒక్కటే తిప్పండి. ప్రతి అతుకు కిందా టిష్యూ కాగితం పరిచి 24 గంటలు చూడండి. ఒక్క చుక్క తడి కనిపించినా ఆ ఫిట్టింగు విప్పి రబ్బరు రింగు సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోవాలి. ఏడాదికోసారి నీళ్లు మార్చాలి.

చల్లబరచాల్సింది ప్రాసెసర్ ఒక్కటే అయితే ఇంత యాతన దండగ. మంచి ఎయిర్ కూలర్ కొని, మిగిలిన డబ్బుతో గదికి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి.